పంక్తి చివర పెద్దాయన

సముద్రం మధ్య దీవిలో ఉన్న గరాచర్మ తెలుగు చర్చిలో సంఘపెద్ద కృపానందంగారికి తెలియని విషయం లేదు. తెలియనిది ఎదురైతే అది తప్పని తేల్చేసేవారు, అంతే. ఆయన్ని చూస్తేనే లీదియాకు ఒళ్లు మండేది.

ఆమె బడిలో సైన్సు టీచరు. ఆదివారం చర్చిలో పెద్దపిల్లల క్లాసు ఆమెదే, ఆ క్లాసంటే ఆమెకు ప్రాణం. ఒక వారం సృష్టి పాఠం చెబుతూ, మహా దూరాన ఉన్న గెలాక్సీలు వెలుగుకన్నా వేగంగా మనకు దూరమవుతున్నాయని అంది. ఆ మాట కాస్తా పెద్దాయన చెవిన పడింది.

"ఏటమ్మా ఇది? మొన్నేమో వెలుగుకన్నా జోరుగా ఏదీ పోదన్నావు. ఇప్పుడేమో పోతందంటన్నావు. రెండిట్లో ఒకటి ఝూట్ గదా! కోతపండగ భోజనాలకాడ అందరిముందూ తప్పని ఒప్పుకో. లేదంటే క్లాసు ఒదిలెయ్."

ఒక్కసారి వినమంటే వినే మనిషా ఆయన! హార్బరులో ఓడల వేగాలు చూసినవాడట, వేగం సంగతి తనకే చెబుతావా అన్నారు.

కోతపండగ నాడు చర్చి హాల్లో వేదిక మొదలుకుని గుమ్మం దాకా ఒకటే పంక్తి వేశారు. బిర్యానీ బకెట్టు గుమ్మంలోంచే వస్తుంది కనుక కృపానందంగారు ఎప్పటిలాగే అక్కడే చతికిలబడ్డారు. అంతలో విశాఖ ఓడ దిగిన చుట్టాలు వచ్చారు. ఓడ దిగినవాళ్లను చివర కూర్చోబెడితే ఇక్కడ తలవంపులు. ఎవరి చుట్టాన్ని వాళ్లు పక్కనే ఇరికించుకోవాలి. "సర్కో భయ్యా, జరా సర్కో" అని జరగమంటూ ప్రతి ఇద్దరి మధ్యా ఒకరు చొరబడ్డారు. వేదిక పక్కనున్నవాళ్లు ఇంచుమించు కదల్లేదు. చివరనున్న పెద్దాయన మాత్రం గుమ్మం దాటి, వరండా దాటి, వానలో పడ్డారు.

"ఎవడ్రా నన్ను తోసింది?"

"తొయ్యలేదు భయ్యా, అందరం కూసింత కూసింత జరిగామంతే" అన్నాడు పక్కనున్న యిర్మియా.

లీదియాకు నవ్వు ఆగలేదు. "ఎవరూ పరుగెత్తలేదు అంకుల్. ప్రతి ఇద్దరి మధ్యా కాస్త చోటు పెరిగింది. ఎంత దూరాన ఉంటే అంత జోరు. ఇక్కడ మీరు నేలమీద జరిగారు, అక్కడ గెలాక్సీల కింద నేలే సాగుతుంది. సాగిన చోటంతా కలిస్తే, బాగా దూరానివి వెలుగుని మించి దూరమవుతాయి. వెలుగుతో పందెం కట్టి గెలిచింది మాత్రం ఏదీ లేదు."

పంక్తంతా ఘొల్లున నవ్వింది. తడిసిన విస్తరి పట్టుకుని కృపానందంగారు ఆమెను తేరిపార చూశారు.

"సమఝ్ అయింది" అన్నారు మెల్లగా. లీదియా గెలిచాననుకుంది.

"మంచిగా సమఝ్ అయింది. క్లాసు మాత్రం వచ్చే ఆదివారం నుంచి సంతోషకుమారి చెప్తాది."

నవ్వినవాళ్లంతా విస్తళ్లలోకి తలలు దించుకున్నారు. వంగిన ఆ తలలను చూస్తే, లీదియాకు కృపానందంగారి మీదకన్నా వాళ్లమీదే ఎక్కువ అసహ్యం వేసింది.