బూరుగ కింద పెళ్ళిచూపులు

ఫాల్గుణం వచ్చిందంటే దర్శి పక్కన ఆ ఊళ్ళో మిరప కోతలు మధ్యాహ్నానికే ఆగిపోతాయి. కోసిన కాయ కళ్ళంలో పోసేసి, అన్నం గిన్నెలు పట్టుకుని అందరూ బూరుగ చెట్టు దగ్గరికి నడుస్తారు. ఆకన్నది లేకుండా అది నిలువెల్లా ఎర్రగా పూసి ఉంటుంది. కొమ్మకొమ్మనా గోరింకల గోల. కింద చాపలు పరుచుకుని, పెరుగన్నంలో ఊరమిరపకాయ కొరుక్కుంటూ తలెత్తి చూడటమే పని. ఏడాది పొడుగునా పూతంటే మిరప పూతే, అందులోనూ పురుగుందా లేదా అనే చూస్తారు. పువ్వును పువ్వుగా చూసేది ఈ కొన్నాళ్ళే.

ఒకటే షరతు. ఆ చెట్టు కింద అబద్ధమాడకూడదు. ఆడితే గుప్పెడంత పువ్వు సరిగ్గా ఆడినవాళ్ళ నెత్తినే పడుతుంది. అందుకే కొందరు మగాళ్ళు పెళ్ళాలతో వచ్చినప్పుడు నోరే తెరవరు.

జ్యోతిర్మయికి ఆ చెట్టంటే ప్రాణం. తండ్రి రామాంజనేయులుతో కలిసి మిరప సాగు చేస్తుంది. పెళ్ళంటే ఆ పొలం వదిలిపోవడమని ఆ పిల్ల భయం. అందుకే "పెళ్ళిచూపులంటూ జరిగితే బూరుగ పూసినప్పుడే, బూరుగ కిందే" అని పట్టుబట్టి కూర్చుంది. నిరుడొచ్చిన పెళ్ళికొడుకు "నేను మందు ముట్టను" అన్నాడు. పాపం, మాట పూర్తి కాకముందే నెత్తి తడుముకున్నాడు. అంతకుముందువాడు "మీ అమ్మాయి సేద్యానికి మేం అడ్డు రాం" అంటే పువ్వుతోపాటు పుల్ల కూడా పడింది!

ఈ ఏడు దాచేపల్లి నుంచి లక్ష్మీకాంత్ వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. వెంట మేనత్త కోటిరత్నం. పక్క కళ్ళంలోంచి ఘాటు కొట్టిందేమో, చాప మీద కూర్చోగానే వరసబెట్టి తుమ్మాడు.

"మావాడికి కోపమన్నదే తెలియదండీ," అంది కోటిరత్నం.

తప్! పువ్వు ఆవిడ కొప్పు మీద పడింది.

"వస్తుందండీ. ఆకలేస్తే బాగా వస్తుంది," అన్నాడు లక్ష్మీకాంత్.

అందరూ పైకి చూశారు. ఏమీ రాల్లేదు.

జ్యోతిర్మయి సూటిగా అడిగింది. "పెళ్ళయ్యాక నన్ను పొలం మానెయ్యమంటారా?"

"మీరెందుకు మానాలి? నా ఉద్యోగం అక్కడ, మీ పొలం ఇక్కడ. శనివారం పొద్దున్నే బండేసుకుని వచ్చేస్తాను. మిరప గురించి మాత్రం నాకేం తెలియదు, తుమ్మడం తప్ప."

ఒక్క పువ్వూ కదల్లేదు. అబద్ధమాడేవాళ్ళను ఎలా పంపించాలో జ్యోతిర్మయికి తెలుసు గానీ, నిజం చెప్పేవాడొస్తే ఏం చెయ్యాలో ఆ పిల్ల ఎన్నడూ ఆలోచించుకోలేదు.

"ఏమ్మా?" అన్నాడు రామాంజనేయులు, ఆశగా.

"నచ్చలేదు నాన్నా," అనేసింది గబుక్కున.

తప్!

పువ్వు పాపిట మీద పడి ఒళ్ళోకి దొర్లింది. కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు.

"అంటే... అంతగా నచ్చలేదు."

తప్! తప్!

"చాల్లేవే తల్లీ, చెట్టు బోడిదైపోతుంది!" అని వెనకనుంచి కేకేసింది పక్కింటి సంతోషకుమారి.

జ్యోతిర్మయి తలెత్తి చెట్టును కొరకొరా చూసింది. నమ్ముకున్న చెట్టే పరువు తీసింది కదా అని ఒళ్ళు మండింది. సిగ్గేసింది. ఆ రెంటి వెనకనుంచి, వద్దన్నా ఆగకుండా, సంతోషం తన్నుకొచ్చింది. ఒళ్ళోని పువ్వు చేతిలోకి తీసుకుంది. బరువుగా, చల్లగా ఉంది.

లక్ష్మీకాంత్ మళ్ళీ తుమ్మాడు.

"శనివారం పొద్దున కాదు, శుక్రవారం రాత్రికే వచ్చెయ్యండి," అంది. "శనివారం కోతకి మనుషులు దొరకడం లేదు."

ఈసారి ఎవరూ పైకి చూడలేదు.