వేషానికి పోయిన చీర

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇస్త్రీపెట్టె కంటే ముందు నేను వేడెక్కుతాను. తెల్లచొక్కా కాలరు మీద నీళ్ళు చల్లి నేను రుద్దుతుంటే, మా ఆయన స్టీఫెన్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ నేను రాసిచ్చిన ప్రసంగం చదువుకుంటుంటాడు. మధ్యలో ఆగి, "నిరోషా, గీ గ్రీకు మాట ఎట్ల పలకాలె?" అని కేకేస్తాడు. చెబుతాను. తప్పు పలుకుతాడు. మళ్ళీ చెబుతాను. ఇంకాసేపటికి చర్చిలో ఆడవాళ్ళ వైపు చాప మీద, కొంగు తల మీదికి లాక్కుని నేను కూచుని ఉంటే, ఆయన మైకు ముందు నిలబడతాడు. అక్కడ ఆయన తెలుగు కూడా మారిపోతుంది. "ఈ మాట వెనుక ఆ గ్రీకు ప్రజల జీవితం ఎలాంటిదో ప్రార్థనలో ప్రభువు నాకు చూపించాడు" అంటాడు. ప్రభువు చూపించలేదు. నేను చూపించాను, శుక్రవారం మధ్యాహ్నం ఉల్లిగడ్డలు కోసుకుంటూ.

పెద్దమందడిలో మాది రేకుల షెడ్డు చర్చి. స్టీఫెన్ పాస్టరు కాబట్టి అందరికీ ఆయన అయ్యగారు, నేను అమ్మగారు. అబ్బో, పేరుకేం తక్కువ లేదు! షెడ్డు ఊడ్చి చాపలు పరిచేది అమ్మగారే. జ్వరం వచ్చినవాళ్ళ ఇంటికి అయ్యగారి వెనక నడిచేదీ, మొగుడితో తగాదా పడి ఏడుస్తూ వచ్చినవాళ్ళకు చాయ పెట్టి కూచోబెట్టేదీ అమ్మగారే. నేను పెళ్ళికి ముందు చరిత్రతో డిగ్రీ చేశాను. హైదరాబాదులో ఒక యూనివర్సిటీ వాళ్ళు ప్రాచీన గ్రీకు నాగరికత, సాహిత్యం మీద శనివారాల్లో పాఠాలు చెప్పే కోర్సు పెట్టారని తెలిసి దరఖాస్తు చేసుకున్నప్పుడు, ఇంట్లో పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. స్టీఫెన్ ఎగిరి గంతేశాడు. "మన వాక్యం మొదలు రాసింది గ్రీకులనే గదా! నేర్సుకో, నాకు పనికొస్తది" అన్నాడు. అందులో ఆ 'నాకు' అప్పుడు నా చెవిన పడలేదు. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఏం వినపడుతుంది?

మా అత్తమ్మ పుష్పమ్మ మాత్రం నొసలు చిట్లించింది. బొంబాయిలో మట్టి తట్టలు మోసి కొడుకును పాస్టరు చదువు చదివించిన మనిషి. ఆమెకు ఏ ముచ్చటైనా తిన్నగా అడగటమే తెలుసు.

"గా గ్రీకోళ్ళు ఎవలే? ఉన్నరా, సచ్చిపోయిండ్రా?"

"సచ్చి రెండువేల ఏండ్లు దాటింది అత్తమ్మా."

"బాగున్నది. బతికున్నోళ్ళకు వండుడే ఐతలేదు, సచ్చినోళ్ళ ఎంబడి ఉరుకుతదంట!"

ఉరికాను. శుక్రవారమే ఆయన ప్రసంగం రాసిపెట్టి, శనివారం తెల్లవారకముందే లేచి అన్నం, పప్పు వండి, ఆటోలో వనపర్తి పోయి మొదటి బస్సు పట్టుకునేదాన్ని. క్లాసులో మా జయశ్రీ మేడమ్ గ్రీకు ఇళ్ళ బొమ్మలు గోడ మీద చూపించేది. ముందు గదుల్లో మగవాళ్ళ విందులు, లోపలి గదుల్లో ఆడవాళ్ళ మగ్గాలు. కోర్టులో నిలబడి వాదించేటప్పుడు బతికున్న పరువుగల ఆడమనిషి పేరు ఎత్తేవాళ్ళు కాదట, ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనేవాళ్ళట. పక్కన కూచున్న పిల్లలు అయ్యో, ఎంత అన్యాయం అని రాసుకునేవాళ్ళు. నాకు మాత్రం కొత్త దేశం చూసినట్టే అనిపించలేదు. మా చిన్నమ్మల ఇంటికి పోయినట్టుండేది. అయినా ఆ శనివారాలంటే నాకు ప్రాణం. వారమంతా నేను ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అందిస్తూ ఉంటాను. ఆ గదిలో ఫ్యాను కింద కూచుంటే నాకే ఎవరో అందిస్తున్నారు. ఇంత చిన్న సంగతికి మొదటిరోజు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్ముతారా?

చలికాలంలో ఒక శనివారం నాటకాల పాఠం జరిగింది. కొండవాలులో రాతి మెట్ల మీద ఊరంతా కూచునేదట. కింద ఆటలో రాణులు, తల్లులు, బానిస ఆడవాళ్ళు వచ్చి ఏడ్చేవాళ్ళు, శపించేవాళ్ళు, ఆడదాని బతుకు ఇంత హీనమా అని నిలదీసేవాళ్ళు. ఆ వేషాలు కట్టింది మాత్రం అందరూ మగవాళ్ళే. మొహానికి ముసుగు తగిలించుకుని ఆడదాని మాట మాట్లాడేవాళ్ళు. "ఆ నాటకాలు చూడ్డానికి ఆడవాళ్ళను రానిచ్చేవారో లేదో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు" అంది మేడమ్. నేను ఎప్పుడూ నోరు విప్పేదాన్ని కాదు. ఆ రోజు ఎందుకో చెయ్యి ఎత్తేశాను.

మా తాత చెన్నయ్యది గోపాల్‌పేట. మేం చర్చికి రాకముందు సంగతి ఇది. భాగోతంలో ఆడవేషం కడితే తాత తర్వాతే ఎవరైనా. మా నాయనమ్మ నర్సమ్మకు మంచి చీర అంటూ ఒకటే ఉండేది. ఆట ఉన్ననాడు దాన్ని తాత కట్టుకుపోయేవాడు. చినిగిన చీరతో నలుగురిలోకి పోలేక నాయనమ్మ ఇంట్లోనే ఉండిపోయేది. "మీ తాత ఆడిన ఒక్క ఆట గూడ నేను సూడలే బిడ్డా. సప్పట్లు ఇన్న గంతే. తెల్లారి చీరకంటిన రంగు మాత్రం నేనే పిండిన" అని నవ్వుతూ చెప్పేది. ఇదంతా క్లాసులో చెప్పి, "ఆ గ్రీకు ఆడవాళ్ళు చూసేందుకు రాలేదంటే, కొందరి చీరలు స్టేజీ మీద ఉండి ఉంటాయి మేడమ్" అన్నాను. క్లాసంతా ఘొల్లున నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "చివరి పరీక్షలో నువ్వు మాట్లాడాల్సింది ఇదే నిరోషా" అంది. మా చివరి పరీక్షకు కాగితం, కలం ఉండవు. అందరి ముందు నిలబడి సొంత ఆలోచన సొంత నోటితో చెప్పాలి. ఆ రోజు రాకపోతే కోర్సు మొత్తం పోయినట్టే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు షాద్‌నగర్ దాటుతుండగా నాకు తట్టింది. నాయనమ్మ చీర ఆటలున్న రోజుల్లోనే పోయేది. నాది ప్రతి ఆదివారం పోతోంది. పైగా నేను అక్కడే చాప మీద కూచుని "ఆమెన్" అంటున్నాను! ఒళ్ళంతా మండిపోయింది. ఇంటికి వచ్చి బియ్యం ఏరుతూ నాయనమ్మ కథ అత్తమ్మకు చెప్పాను, నా సంగతి కలపకుండా. ఆమె విన్నది. ఒక మెరిక తీసి బయట పారేసింది.

పరీక్ష తేదీ వచ్చింది. అది సరిగ్గా మా చర్చి సభల రెండోరోజు మీద పడింది. స్టీఫెన్‌కు ఆ రోజు ప్రాణంతో సమానం. నాగర్‌కర్నూల్‌లో ఒక పెద్ద చర్చికి పాస్టరు కావాలి, అక్కడి పెద్దలు ఆ శనివారం ఈయన ప్రసంగం వినడానికే వస్తున్నారు. ఆ హుషారులో గద్వాల పోయి నాకు జరీ అంచు చీర తెచ్చాడు. నెమలిమెడ రంగు. "పెద్దల ముందు అమ్మగారు మొదటి వరుసల కూసుంటది, మంచిగ కనవడాలె" అన్నాడు. నేను చీర మడత విప్పకుండానే పరీక్ష సంగతి చెప్పాను.

"గీ ఏడు ఇడిసిపెట్టు" అన్నాడు, చెప్పులు విడిచినంత తేలిగ్గా. "నాకు గావలసినంత నేర్సుకున్నవ్ గదా. ఇంకెందుకు పరేషాన్?"

తిట్టినా ఇంత తగిలేది కాదు. స్టీఫెన్ చెడ్డవాడు కాడు. తాగడు, కొట్టడు, పదిమందిలో నన్ను చిన్నబుచ్చడు. ఇవన్నీ చెప్పి మా అమ్మ నన్ను అదృష్టవంతురాలంటుంది. కానీ తన బిందె నిండితే చాలు, బావిలో ఇంక నీళ్ళు ఊరక్కర్లేదన్నట్టు మాట్లాడాడే, దానికి ఏ పేరు పెట్టాలి? సభలకు పసుపు దంచుతూ, షామియానా వాళ్ళకు చాయ పోస్తూ, ఆ వారమంతా ఆ మాటనే నములుతూ ఉన్నాను. పరీక్షకు పోతానని మంగళవారం చెప్పాను. నవ్వాడు. శుక్రవారం, "రాసినవా?" అని అడిగాడు. రాయలేదన్నాను. "పొద్దుగాల్ల రాస్తది లే, ఎప్పుడన్న ఆపిందా" అని వాళ్ళమ్మతో అన్నాడు. అన్నది నిజమే, నేను ఎప్పుడూ ఆపలేదు.

శనివారం తెల్లవారుతుండగా స్నానం చేసి గద్వాల చీర కట్టుకున్నాను. కొత్త చీర కదా, కుచ్చిళ్ళు ఓ పట్టాన నిలవలేదు. వాకిట్లో అత్తమ్మ పెద్ద పొయ్యి కింద కట్టెలు ఎగదోస్తోంది. నన్ను, నా భుజాన సంచిని మార్చి మార్చి చూసింది.

"గా చీర సభలకు తెచ్చింది గదనే?"

"నాకు తెచ్చిండు అత్తమ్మా."

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఇంట్లో స్టీఫెన్ బకెట్టు చప్పుడు వినపడుతోంది. అత్తమ్మ ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కొంగు జర చెక్కుకో. ఆటో చక్రంల పడ్తది."

బస్సు జడ్చర్ల దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది.

"ఏడున్నవ్? కాగితాలేవి? ఇల్లంత ఎతికిన!"

"రాయలేదని నిన్ననే చెప్పిన గదా. బస్సుల ఉన్న, పరీక్షకు పోతున్న."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "పెద్దలు బయల్దేరిండ్రంట నిరోషా" అన్నాడు. ఆ గొంతులో భయం విన్నాను. అబద్ధమెందుకు, నాకు జాలేసింది. ఫోనులోనే చెబితే రాసుకుంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపితే జనం కళ్ళు తుడుచుకుంటారో నాకు తెలుసు. మొదటి వాక్యం నోటిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగి, ఒళ్ళో కొంగు సర్దుకున్నాను.

"మరి నేనేం చెప్పాలె?" అన్నాడు.

"నీకు తెలిసింది చెప్పు" అన్నాను. "నాకు తెలిసింది ఇయ్యాల నేనే చెప్త."