ఓటు లేని రాజుగారి ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. భీమవరంలో ఓ మిషను నోట్లోంచి పన్నెండడుగుల పొడవున బయటికొచ్చాను. మా జాతి ఆయుష్షు ఎవరిదో ఓ పుట్టినరోజు దాటే వరకే. నాకు మాత్రం ఎక్కువ రాసిపెట్టి ఉంది.

నా నిండా ఓ తెల్లదొర నవ్వుతున్నాడు. సముద్రాలవతలి దేశంలో అధ్యక్ష పదవికి నిలబడ్డవాడు. పేరు చెప్పను, మోసినన్నాళ్లు మోశాను, చాలు. కింద మూల చేతులు జోడించి ఉన్నది కలిదిండి రామభద్రరాజుగారు, ఆకివీడు దగ్గర మూడు రొయ్యల చెరువుల ఆసామి. దొర ఏదో ఎన్నికల విందులో రొయ్యలు లొట్టలేసుకుంటూ తిని, వీటిని పండించే రైతుల్ని ఎక్కడున్నా కడుపులో పెట్టుకుంటానన్నాడట. ఆ వీడియో చూసిన రోజే రాజుగారు నన్ను అచ్చేయించి సెంటర్లో కట్టించారు.

"మీకక్కడ ఓటు లేదు కదండీ రాజుగారూ?" అని టీకొట్టు సూర్యారావు ఆటపట్టించాడు.

"ఓటు లేకపోతే ఏవయ్యా, అభిమానం ఉండకూడదా? మన రొయ్య తిన్నవాడు మనకి అన్యాయం చేస్తాడా ఏంటి?"

ఈ మనుషులు నాకు ఎప్పటికీ అర్థం కారు. సొంత వార్డు మెంబరు పేరు తెలియనివాళ్లు కూడా, ఆ దేశంలో ఏ రాష్ట్రం ఎటు మొగ్గుతుందో నా కింద నిలబడి గొంతులు చించుకున్నారు. చివరికి దొర గెలిచాడు. రాజుగారు నిచ్చెనెక్కి నా మీద బిందెడు పాలు పోశారు. దొర నవ్వు మీంచి జారిన పాలు, కిందనున్న రాజుగారి బొమ్మను తడిపాయి. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నేనూ పొంగిపోయాను.

గద్దెనెక్కిన మూడో నెలలో దొర పరాయి దేశాల రొయ్యల మీద భారీ సుంకం వేశాడు. సరిగ్గా రాజుగారి చెరువుల్లో రొయ్యలు పట్టుబడికొచ్చిన వారం అది. వస్తామన్న కొనుగోలుదారులు ఫోనెత్తలేదు. రేపో మాపో అని ఎదురుచూస్తుండగానే తెల్లమచ్చ తెగులు తగిలి మూడు చెరువులూ తుడిచిపెట్టుకుపోయాయి.

మర్నాడు రాజుగారు ఒక్కరే వచ్చి నా తాళ్లు విప్పారు. చింపేస్తారనుకున్నాను. దొర మొహంలోకి చూస్తూ, "మాకు ఓటు లేదనే కదయ్యా?" అన్నారు. దొర మీద నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏం చేయను, ఆ నవ్వు ఉన్నది నా ఒంటి మీదే.

ఇంటికెళ్లాక కత్తెర తీసి తన బొమ్మ వరకు కత్తిరించేశారు. భార్య సుభద్రాయమ్మగారు చూసి, "బొమ్మ కోసేస్తే, మీరు నమ్మలేదనుకుంటారేంటండీ జనం?" అన్నారు.

ఇప్పుడు నేను చెరువుగట్టు మీది పాకకు కప్పుని. దొర నవ్వు లోపలివైపుకి. కింద మంచం మీద కూర్చుని రాజుగారు ఖాళీ చెరువుల్ని చూస్తుంటారు. వానొస్తే అంతా ఆపగలను, ఆయన బొమ్మ ఉన్నచోట తప్ప. ఆ కంతలోంచి నీళ్లు ధారగా ఆయన నెత్తిమీదే పడతాయి. మంచం జరుపుకోమని సుభద్రాయమ్మగారు గట్టు మీంచి కేకేస్తారు.

ఆయన జరపరు.