తాపీ ఒడ్డున పిలుపు

ఉధ్నాలో వలస కార్మికుల ఆ చాల్‌కి నల్లా పొద్దున ఒక్క గంటే వచ్చేది. కొమురవ్వ తన బిందె నిండగానే పక్కగది భీంబాయి బిందె పెట్టేది. ఇద్దరి మగవాళ్లదీ ఒకే కార్ఖానా, బట్ట నేసే పక్కపక్క సాంచెలు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఇద్దరినీ ఒకే అంబులెన్సులో తీసుకుపోయి పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు.

కొన్నాళ్లకు భీంబాయికి ఫోనొచ్చింది. ఆమె పెనిమిటి జైతు పోయాడట. ముఖమైనా చూపకుండా దవాఖానవాళ్లే దహనం చేసేశారు. అంత ఘోరం పగవాళ్లకు కూడా వద్దు.

భీంబాయి వాళ్లు ఆదిలాబాద్ గోండులు. పోయినవాళ్లను నీళ్ల దగ్గర పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం చేపగా మారి వస్తుంది. ఇంటికి తెచ్చుకుంటే ఆ మనిషి మళ్లీ ఆ ఇంట్లోనే పుడతాడు. ఆ ఏడు తాపీ నదిలో ఎవరు పిలిచినా చేపలు వచ్చేవి. ఒడ్డున బకెట్లమ్మేవాళ్లకు మంచి గిరాకీ.

కొమురవ్వ తోడు వెళ్లింది. భీంబాయి మోకాళ్లలోతు దిగి "జైతూ!" అని పిలిచింది. పక్కనున్న గుజరాతీ ముసలాయనకు ఒక్క పిలుపుకే చేప దొరికింది. ఈమెకు గొంతు బొంగురుపోయినా నీళ్లు కదల్లేదు.

"ఆయనకు నా మీద గుస్సానా అక్కా?"

"జర గట్టిగ పిలువు చెల్లె."

"ఇంతకన్న ఏం పిలుస్త? పాణం ఒంట్లనే ఉంటె రాదక్కా."

"అంటే నీ పెనిమిటి బతికే ఉన్నడే పిల్లా!" అని కొమురవ్వ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. మరి కాల్చింది ఎవరిని? నిన్న వార్డుబాయి ఫోన్లో, "మీ ఆయన జొన్నరొట్టె కోసం గొడవ చేస్తున్నాడు" అంటే నవ్వుకుంది. ఆయన పుట్టి బుద్ధెరిగి రొట్టె ముట్టలేదు. రొట్టె లేనిదే పూట గడవనిది జైతుకు.

భీంబాయికీ అర్థమైంది. చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా, పిలువకు."

కొమురవ్వ చెయ్యి విడిపించుకుని నీళ్లలోకి దిగింది. పెళ్లయిన నాటి నుంచి "ఇగో", "ఇంటున్నవా" అనడమే తప్ప ఆయన పేరు నోట పలికి ఎరగదు.

"లింగమూర్..."

పేరు పూర్తి కానేలేదు. బొచ్చె చేప ఎగిరి ఆమె ఒడిలో పడింది.

ఏడుపు కూడా రాలేదు. చేపను కొంగులో అదిమి పట్టుకుంది. "నువ్వు దవాఖానకు ఉరుకు చెల్లె," అంది. "నా మొగని పేరు మీద పండుకున్నది నీ మొగడే. జల్ది తీస్కరాపో."

భీంబాయి పరుగెత్తింది. కొమురవ్వ బకెట్టు కొని చేపను అందులో వేసుకుంది. ఒకసారి నోరు తిరిగాక ఇక ఆగలేదు. ఉధ్నా దాకా దారి పొడుగునా లింగమూర్తీ, లింగమూర్తీ అని పిలుస్తూనే నడిచింది.