దిగే బండి, ఎక్కే బండి

ఎనభై ఆరులో, కల్యాణ్‌లో మా పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది, సుషమా సాల్వీకీ నాకూ కలిపి ఒకే ప్రాజెక్టు పడింది. బ్రేకు వేస్తే కరెంటు పుట్టే నమూనా బండి చెయ్యాలి. మా ఇద్దరి నాన్నలూ కసారా ఘాట్‌లో ఎలక్ట్రిక్ ఇంజన్లు నడిపేవారు. ఘాట్ దిగే రైలు తన మోటార్లతోనే వేగం తగ్గించుకుంటూ, అలా పుట్టిన కరెంటును పై తీగలోకి పంపేది. ఎదురుగా ఎక్కే రైలు దాన్ని వాడుకునేది. ఈ సంగతి మాకు ఉగ్గుపాలతోనే తెలుసు.

చిక్కల్లా ఒకటే. మా నాన్నలిద్దరికీ పన్నెండేళ్లుగా మాటల్లేవు. డెబ్భై నాలుగు రైల్వే సమ్మెలో, నేను బాబా అని పిలిచే మా నాన్నకి ఉద్యోగం పోయింది, మళ్లీ ఏడాదికి గానీ రాలేదు. సుషమ నాన్న సాల్వీ కాకా మాత్రం సమ్మె రోజులన్నీ బండి నడిపాడు.

ఆదివారాలు మా క్వార్టర్ వరండాలో పనిచేసేవాళ్లం. రెండు వాలు చెక్కలు, రెండు చిన్న బండ్లు, వాటికి పాడైన టేప్‌రికార్డర్ల మోటార్లు, మధ్యలో పొడుగాటి తీగ. పైనుంచి ఒక బండి జారేది. రెండోది ఉలకదు, పలకదు.

బాబా పేపరు చాటునుంచి అన్నాడు. "మోటారు అంత మెల్లగా తిరిగితే ఏం పుడుతుంది? నెమ్మదిగా పోతే మా ఇంజనే కరెంటివ్వదు. మీ అట్టపెట్టె ఇస్తుందా?"

ఇరుసుకు పెద్ద చక్రం బిగించి, రబ్బరు పట్టీతో మోటారు చిన్న కప్పీకి కలిపాం. ఈసారి పై బండే కదలలేదు.

మర్నాడు సుషమ బాబా దగ్గరికి మాట మోసుకొచ్చింది. "బరువు చాలదంట కాకా. మా నాన్న అన్నారు."

"వాలు చాలదని చెప్పు మీ నాన్నకి."

రెండు వారాలు అలాగే సాగింది. మూడో ఆదివారం సాల్వీ కాకాయే వచ్చాడు, అరిగిన బ్రేకు ఇనుప ముక్కలు గుడ్డలో చుట్టుకుని. గుమ్మంలోనే నిలబడి నావైపు చూస్తూ అన్నాడు. "వాలు పెంచితే బోల్తా పడుతుంది. ఘాట్ నడిపినవాడు అనే మాటేనా అది?"

"ఎవరు ఎప్పుడు నడిపారో కల్యాణ్ అంతా ఎరుగును," అన్నాడు బాబా.

మా అమ్మ, ఆయీ, టీ తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

"అప్పుడు మా అమ్మ రైల్వే ఆస్పత్రిలో ఉంది, గురవ్," అన్నాడు కాకా, ఈసారి బాబావైపు తిరిగి. "ఉద్యోగం పోతే మంచం ఖాళీ చెయ్యమనేవారు. నీకు చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు."

బాబా చెయ్యి చాపి ఆ ఇనుప ముక్కలు అందుకున్నాడు, పై బండికి తానే కట్టాడు.

వదిలాం. బరువు బండి కొంత జారి, ఎవరో వెనక్కి లాగినట్టు నెమ్మదించింది. రెండోది గుర్రుమని వణికి, జానెడు ఎక్కి ఆగింది.

"జానెడేనా?" అన్నాడు కాకా.

"నీ ఇనుము తక్కువైంది. కూర్చో, టీ చల్లారిపోతుంది."

పొద్దు వాలేదాకా బరువనీ వాలనీ ఇద్దరూ కీచులాడుతూనే ఉన్నారు. మాకు మా బండ్లమీద చెయ్యి వేసే సందే దొరకలేదు.

ప్రాజెక్టుకు ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పుడు గుర్తులేదు. ఆ తర్వాత డ్యూటీ లేని ఆదివారాలు కాకా మా వరండాలోనే గడిపేవాడు. సమ్మె ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ పోయి చాలాకాలమైంది. నాసిక్ నుంచి సుషమ ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ల గొంతుల్లో మేం పోట్లాడుకుంటాం. ఆమెకు బాబా గొంతు నాకంటే బాగా వస్తుంది.