అయిదు గ్రహాలకు మూడు మార్కులు

సన్యాసమ్మ రెండు మార్కుల్లో తప్పింది. తప్పించింది నేనే.

ఇది 1978 నాటి మాట. చోడవరంలో మా బడిలో అప్పటికి పదకొండేళ్ళుగా టెంపరరీ ఆయాగా చేస్తోంది. పర్మనెంటు కావాలంటే ఏడో తరగతి స్థాయి పరీక్ష పాసవాలన్నారు. ఈ ఏడు పోతే వయసు దాటిపోతుంది. ఆవిడకు సైన్సు నేనే చెప్పాలి, పేపరూ నేనే దిద్దాలి. రోజుకు ఏడు పీరియడ్లయ్యాక సాయంత్రానికి నా గొంతు నా మాట వినేది కాదు. ఆవిడా బుచ్చయ్యపేట నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చే మనిషి. గ్రహాల పాఠం రాగానే పుస్తకం మూసేసి, “నవగ్రహాలు నీకు తెలియనివా? ఇది చదవక్కర్లేదు, పోవమ్మా” అన్నాను. బతుకుజీవుడా అని వెళ్ళింది. నేనూ అంతే.

పైనుంచి వచ్చిన ప్రశ్నపత్రంలో ‘ఏవైనా అయిదు గ్రహాల పేర్లు రాయుము’ అని అడిగారు. ఆవిడ తొమ్మిదీ రాసింది, శనివారం ప్రదక్షిణాల్లో చదువుకునే వరసలోనే. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. అయిదు అడిగితే మొదటి అయిదే చూడాలని దిద్దేవాళ్ళకు రూలు. గురుడి కింద గీత గీసి, పైన సూర్యచంద్రుల్ని కొట్టేసి, మూడు వేశాను. శుక్రుడూ శనీ సరైనవే, కానీ గీత కింద ఉండిపోయారు. మొత్తం ముప్ఫైమూడు. ముప్ఫైఅయిదు రావాలి.

ఫలితం తెలిసిన రోజు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

“బాబూ, సూరీడు గ్రెహం కాడేటి?”

“కాడు. నక్షత్రం.”

“మరి గుళ్ళో నడిమిని నిలబెట్టేరు గదా?”

“పూర్వం చుక్కల మధ్య కదిలేదల్లా గ్రహమే అనుకున్నారు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని తేలాక ఆయన్ని తీసేసి భూమిని చేర్చారు. భూమి చుట్టూ తిరుగుతాడని చంద్రుణ్ణీ తీసేశారు. సిరీస్ అని ఒకదాన్ని యాభై ఏళ్ళు గ్రహమన్నారు. అలాంటివి గుంపులుగా దొరికేసరికి దాన్నీ దించేశారు. ఇప్పుడు ప్లూటో. భూమంత ఉంటుందనుకున్నది, మన చంద్రుడికంటే చిన్నదేమోనని మొన్న పేపర్లో వేశారు.”

“దాన్నీ తీసీసేరా?”

“ఇంకా లేదు.”

“ఎంతుంటే గ్రెహం బాబూ? కొలతేటి?”

ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న పాఠం. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు.

“ఇంతని ఎవరూ గీత గియ్యలేదు” అన్నాను.

“ఆళ్ళు గియ్యనేదు. మీరు గీసీసేరు.”

కోపంగా అనలేదు, అలిసిపోయి అంది. సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు హెడ్మాస్టరు అనంతరామయ్యగారి గదికి పరిగెత్తాను. చదవొద్దన్నది నేనేనని, మార్కులు మార్చనివ్వమని బతిమాలాను.

“లిస్టు నిన్ననే వైజాగ్ వెళ్ళిపోయింది మేష్టారూ. కింద మీ సంతకమే ఉంది” అన్నారాయన, తల ఎత్తకుండానే.

వచ్చి ఆవిడకు ఆ మాటే చెప్పి, క్షమించమన్నాను.

“పోన్లెండి బాబూ. లిస్టులోంచి తీసీసినా సూరీడు రోజూ డూటీకి వస్తన్నాడు గదా. నేనూ వస్తాను.”

నన్ను ఊరడించడానికే అంది. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

మర్నాడు ఏడున్నరకే వచ్చి గదులన్నీ ఊడ్చిందట. నేను సెలవు పెట్టాను.