మీరావలి చెప్పిన రంగులు

ఏలూరులో మీరావలి షెడ్డులో పొద్దున్న ఎనిమిదింటికి తివాచీ పని మొదలవుతుంది. ఆయన గళ్ల కాగితం చూసి వరసగా రంగులు చెబుతాడు. "రెండెరుపు, ఒకటి నలుపు, మూడెరుపు..." మగ్గం ముందు కూర్చున్న ఆడవాళ్లు ఆ మాట వెంటే ఉన్ని ముడులు వేస్తారు.

రెండువేల ఏడులో ఆయన గొంతు బొంగురుపోయింది. ఇక మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. రంగులు చెప్పేవాడు లేకపోతే నాలుగిళ్లలో పొయ్యి వెలగదు. అందుకని ఈ నెలకి ఆయనే ఎలాగో నెట్టుకొచ్చినా, వచ్చే నెల నుంచి కొడుకు పర్వేజ్ ఆ పీట మీద కూర్చోవాలని తీర్మానమైంది.

పర్వేజ్ తాడేపల్లిగూడెంలో ఆర్కెస్ట్రాకి పదేళ్లుగా గిటారు వాయిస్తూ సినిమా పాటలు పాడుతున్నాడు. సొంతంగా ఒక్క రాక్ ఆల్బం చేసి మానేస్తానన్నాడు. ఆదివారాలు షెడ్డు ఖాళీ. కంప్యూటరూ రెండు మైకులూ అక్కడే పెట్టాడు.

మొదటి ఆదివారం కొల్లేటి లంక నుంచి ఏసుబాబు డప్పు తెచ్చాడు. దాన్ని గడ్డిమంట మీద కాచి వాయించాడు. వినడానికొచ్చిన మగ్గం పని పుష్పమ్మా, తోటివాళ్లు మరో ఇద్దరూ అలవాటుకొద్దీ మగ్గం దగ్గరే కూర్చున్నారు. చేతులు ఊరుకోలేదు. దెబ్బకో ముడి వేసేశారు.

సోమవారం మీరావలి చూస్తే కాగితంలో లేని అల్లిక నాలుగు వేళ్ల మేర ఉంది. కోసేద్దామని కత్తెర తీసి, చెయ్యి ఆనించాడు. తివాచీలోంచి డప్పు మోగింది.

షెడ్డు వెనక వంటింట్లోంచి భార్య హమీదా కేకేసింది. "ఏవండీ, తలనొప్పిగా ఉంది, కాస్త మెల్లగా!"

"మేం వేసింది మోగకపోతే ఎలాగండీ?" అంది పుష్పమ్మ. ఆయన కత్తెర పక్కన పెట్టాడు.

రెండో ఆదివారం పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే భీమశంకరం వచ్చాడు.

"మీ పాటలో తాళి ఎప్పుడు కడతారయ్యా? ఎక్కడ ఆపాలో తెలియాలిగా."

"కట్టరండీ. ఊపిరున్నంతసేపు వాయించండి."

"భోజనమైనా ఉందా?"

ఉందన్నాక వాయించాడు. అదీ తివాచీలోకెళ్లింది.

ఆఖరి ఆదివారానికి ఒక్క పాట మిగిలింది. దాని మధ్యలో గొంతు కావాలి. పర్వేజ్ ఎన్నిసార్లు ఎత్తుకున్నా ఇంకొకరి పాటలాగే వస్తోంది. పదేళ్లూ సినిమా గాయకుల్లా పాడడమే నేర్చుకున్నాడు మరి.

బయట కూర్చుని విన్న మీరావలి కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

"జరగరా, నేను చెబుతాను."

"వద్దు అబ్బాజాన్! ఉన్న గొంతూ పోతుంది. రేపట్నించి నేను చెబుతాగా."

"నువ్వా? ఎరుపు అనాల్సిన చోట ఆగి ఆలోచిస్తావు."

మామిడి పిందెల అంచు తివాచీకి రంగులన్నీ మొదటి వరస నుంచి చివరి వరస దాకా చెప్పాడు. ఊళ్లో ఎక్కువ అమ్ముడుపోయేది ఆ రకమే. పుష్పమ్మ వాళ్లు అల్లుతూనే ఉన్నారు. అందులో నాలుగు నిమిషాలు పర్వేజ్ పాటలో పెట్టుకున్నాడు. సాయంత్రానికి మీరావలికి మాట పడిపోయింది.

సోమవారం ఎనిమిదింటికి పర్వేజ్ కాగితం తీసుకుని తండ్రి పీట మీద కూర్చున్నాడు. అల్లిన తివాచీని గోడకి వేలాడదీశారు. మగ్గానికి కొత్త దారాలు కట్టి ఉన్నాయి. పర్వేజ్ నోరు తెరిచేలోగా గోడ మీది తివాచీలోంచి మీరావలి గొంతు మొదలుపెట్టేసింది.

"రెండెరుపు, ఒకటి నలుపు, మూడెరుపు..."

ముడులు పడుతున్నాయి. మీరావలి వచ్చి కొడుకు చేతిలోంచి కాగితం లాక్కుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అయినా పర్వేజ్ లేవలేదు.

"బాబూ, వెలుతురుకి అడ్డంగా ఉన్నారండీ," అంది పుష్పమ్మ.

పర్వేజ్ లేచాడు. తొమ్మిదిన్నర పాసింజరుకి గిటారుతో గూడెం వెళ్లిపోయాడు.